వానాకాలం తడి బొగ్గు: మిల్లు అవుట్‌లెట్ టెంపరేచర్ 60 దాటట్లేదు, ఏమేం చూడాలి?

డెస్క్_ఉదయ్ (శుక్రవారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. 500 మెగావాట్ల యూనిట్, కార్నర్ ఫైరింగ్ (మూలల్లో బర్నర్లున్న) బాయిలర్, బొగ్గుని పొడిగా నూరే 8 ఎక్స్‌ఆర్‌పీ 1003 బౌల్ మిల్లులు. ఎ నుంచి ఎఫ్ వరకు ఆరు సర్వీసులో ఉన్నాయి. జి స్టాండ్‌బై, హెచ్ మెయింటెనెన్స్‌లో ఉంది. ఐదు రోజులుగా ఎడతెరిపి లేని వాన. లోడు 470, మొత్తం బొగ్గు గంటకు 360 టన్నులు, అంటే మిల్లుకి 60.

హాట్ ఎయిర్ డ్యాంపర్లు అన్నీ 100 శాతం తెరిచే ఉన్నాయి, కోల్డ్ ఎయిర్ డ్యాంపర్లు సున్నా. పీఏ (ప్రైమరీ ఎయిర్, అంటే బొగ్గుని ఆరబెట్టి బర్నర్లకు మోసుకెళ్లే గాలి) హెడర్ ప్రెజర్ 820 మి.మీ. (నీటి కొలతలో). ఎయిర్ ప్రీహీటర్ నుంచి వచ్చే ప్రైమరీ ఎయిర్ 285 డిగ్రీలు. మిల్లుకి గాలి గంటకు 90 టన్నులు. ఇంత చేసినా అవుట్‌లెట్ టెంపరేచర్ ఎ, బి, సి, ఇ మిల్లుల్లో 60-62, డి, ఎఫ్ మిల్లుల్లో 54-55. మిల్లు డీపీ (గాలి పీడనంలో తేడా) 320 నుంచి 390కి పెరిగింది. రిజెక్ట్‌లో (మిల్లు నూరకుండా కింద వదిలేసే రాళ్లలో) బొగ్గు కూడా ఎక్కువ వస్తోంది, ముఖ్యంగా ఎఫ్‌లో.

గాలి తగ్గిస్తే బొగ్గు మిల్లులో ఎక్కువసేపు ఉండి ఆరుతుందని, 75కి తగ్గించి చూడమని షిఫ్టులో ఒక సలహా వచ్చింది. చేయవచ్చా?

పాతచెయ్యి_మిల్స్ (శుక్రవారం, రాత్రి 11:05)

గాలి తగ్గించొద్దు ఉదయ్ గారూ. మిల్లులోకి వేడి తెచ్చేది ఆ గాలే. 90 నుంచి 75కి దించితే వేడిలో ఆరో వంతు పోతుంది, బొగ్గు మాత్రం అంతే పడుతుంటుంది. దానికి తోడు కోల్ పైపుల్లో వేగం పడిపోతుంది. పైపులో గాలి వేగం సెకనుకు 18-20 మీటర్లకన్నా దిగితే, తడి పొడి అడ్డంగా ఉన్న పైపుల్లో, బర్నర్‌కి ముందున్న బెండుల్లో పేరుకుపోతుంది. పేరుకున్నది ఎండితే నిప్పు. మిల్లు లోపల కూడా త్రోట్ (బౌల్ చుట్టూ గాలి పైకి లేచే సందు) దగ్గర గాలి ఎత్తలేక బొగ్గంతా రిజెక్ట్‌లోకి జారుతుంది.

ఇంకేమైనా చెప్పేముందు మూడు విషయాలు కావాలి: బొగ్గులో మొత్తం తేమ ఎంత, ఒక్కో మిల్లు ఇన్‌లెట్‌లో గాలి టెంపరేచర్ ఎంత, డి, ఎఫ్ రోలర్లు ఎన్ని గంటలు తిరిగాయి.

డెస్క్_ఉదయ్ (శుక్రవారం, రాత్రి 11:30)

ల్యాబ్ రిపోర్టు ప్రకారం మొత్తం తేమ 21 శాతం. అందులో బొగ్గులో సహజంగా ఉండేది 6. ఇన్‌లెట్ టెంపరేచర్ ఎ, బి, సి, ఇ మిల్లుల్లో 280 చుట్టుపక్కల ఉంది. డి 252, ఎఫ్ 278. రోలర్లు హైక్రోమ్ (క్రోమియం ఎక్కువున్న లోహం). డి 2,900 గంటలు, ఎఫ్ 6,700 గంటలు.

హీట్‌బ్యాలెన్స్ (శనివారం, ఉదయం 6:15)

ఈ అంకెలతో లెక్క వేస్తే సమస్య ఎక్కడుందో తేలిపోతుంది. కాగితం మీద ఐదు నిమిషాల పని.

గాలి తెచ్చే వేడి: 90,000 కిలోలు, 0.24 స్పెసిఫిక్ హీట్, 280 నుంచి మామూలు అవుట్‌లెట్ టార్గెట్ 75కి దిగితే 205 డిగ్రీలు. గంటకు సుమారు 44.3 లక్షల కిలోకేలరీలు. నూరడంలో మోటారు పవర్ వేడిగా మారేది 3 లక్షలు అనుకుందాం. ఇందులోంచి బొగ్గుని 30 నుంచి 75 డిగ్రీలకు వేడి చేయడానికి 60,000 × 0.3 × 45, అంటే 8.1 లక్షలు పోతాయి. మిల్లు ఒంటి మీద నుంచి పోయే వేడికీ, చల్లటి సీల్ ఎయిర్‌కీ ఇంకో 2 లక్షలు. మిగిలేది 37 లక్షలు. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 600 కిలోకేలరీలు కావాలి. కాబట్టి 75 డిగ్రీల అవుట్‌లెట్ నిలబెడుతూ ఈ మిల్లు ఆరబెట్టగలిగేది గంటకు 6.2 టన్నుల నీరు.

మీ బొగ్గు మీద ఉన్న పై తేమ 15 శాతం. 60 టన్నులకు అది 9 టన్నులు. లోటు 2.8 టన్నులు. అందుకే హాట్ డ్యాంపర్ మొత్తం తెరిచినా టెంపరేచర్ 60 దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు ఒక్కో ఉపాయం ఎంత ఇస్తుందో చూడండి. 75 బదులు 65 చాలనుకుంటే 0.6-0.7 టన్ను కలిసొస్తుంది. గాలి 5 టన్నులు పెంచితే 0.4 టన్ను. ఏడో మిల్లు పెట్టి ఫీడు 51-52కి దించితే? నీరు 7.7 టన్నులకు తగ్గుతుంది, ఆరబెట్టే శక్తి 6.4కి పెరుగుతుంది. లోటు 2.8 నుంచి 1.3కి పడిపోయింది. అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చేది ఇదే. ముందు జి మిల్లు సర్వీసులోకి తీసుకోండి, తర్వాత మిగతావి.

పీఏ ఫ్యాన్ల మార్జిన్ చూసుకోండి. 540 టన్నుల గాలి 630 అవుతుంది. హెడర్ ప్రెజర్ పట్టి ఉంచడానికి బ్లేడ్ పిచ్ ఎక్కడిదాకా వెళ్తుంది, స్టాల్ లైనుకి (ఫ్యాను గాలిని నెట్టలేకపోయే హద్దుకి) ఎంత దూరంలో ఉంటుందో చూసి మరీ మిల్లు కలపండి.

పాతచెయ్యి_మిల్స్ (శనివారం, ఉదయం 7:00)

లెక్క బాగుంది. అందులోనే డి మిల్లు రోగం కూడా దొరుకుతుంది. హెడర్‌లో 285, మిగతా మిల్లులకు 280 అందుతోంది, డికి మాత్రం 252. కోల్డ్ డ్యాంపర్ సున్నా అని కంట్రోల్ డెస్క్ మీద కనిపిస్తున్నా లోపల పాస్ అవుతోంది. 280 డిగ్రీల గాలిలో 35 డిగ్రీల గాలి కలిసి 252 కావాలంటే 11 శాతం చల్లగాలి కావాలి. అంటే సున్నా చూపించే డ్యాంపర్ గుండా గంటకు దాదాపు 10 టన్నుల చల్లగాలి వెళ్తోంది. ఆరబెట్టే శక్తిలో ఒక టన్ను దానికే పోతోంది.

తేల్చుకోవడం ఇలా. డ్యాంపర్ పక్కన నిలబడితే సన్నగా ఈల లాంటి చప్పుడు వినిపిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కోల్డ్ ఎయిర్ డక్టుని హాట్ డక్టులో కలిసే చోటు దాకా చూసుకుంటూ రండి. మూసుకున్న డ్యాంపర్ అయితే కలిసే చోటు దగ్గర వేడి వెనక్కి పాకి డక్టు కాస్త వెచ్చబడుతుంది. పాస్ అవుతుంటే ఆ చివరిదాకా చల్లగానే ఉంటుంది. ఆ తర్వాత యాక్చుయేటర్ షాఫ్ట్ మీద గుర్తు చూడండి. లింక్ పిన్ అరిగో, కప్లింగ్ జారో యాక్చుయేటర్ సున్నాకి వచ్చినా బ్లేడు పది పదిహేను డిగ్రీలు తెరుచుకునే ఉంటుంది. బ్లేడు అంచున సీల్ పట్టీ కాలిపోయి ఉండటం కూడా మామూలే.

కోల్డ్ ఎయిర్ గేటు మూసి ఇన్‌లెట్ టెంపరేచర్ పెరుగుతుందో లేదో చూడటం కచ్చితమైన పరీక్ష. కానీ గేటు మూసినంతసేపు మిల్లుకి చల్లగాలి దారి లేదు. కొన్ని లాజిక్‌లలో గేటు మూతపడితే మిల్లే ట్రిప్ అవుతుంది. లాజిక్ షీట్ చూసి, లోకల్‌లో మనిషిని పెట్టి, ఫీడు నిలకడగా పడుతున్నప్పుడే, ఐదు నిమిషాలకు మించకుండా చేయండి.

పాల్వంచ_పోరడు (శనివారం, ఉదయం 8:20)

అన్నా, ఒక డౌటు. తడి బొగ్గుకి టెంపరేచర్ పడుడు, మిల్లు చోక్ అయ్యి పడుడు రెండూ డెస్క్ మీద ఒక్క తీరుగనే కనవడుతయి కదా. ఎట్ల గుర్తుపట్టాలె?

పాతచెయ్యి_మిల్స్ (శనివారం, ఉదయం 8:45)

మంచి ప్రశ్న తమ్ముడూ. టెంపరేచర్ ఒక్కటే చూస్తే తేడా తెలియదు. నాలుగు ట్రెండ్లు ఒకే స్క్రీన్ మీద పెట్టుకో: అవుట్‌లెట్ టెంపరేచర్, డీపీ, మోటారు ఆంప్స్, ఎయిర్ ఫ్లో.

తడి బొగ్గు ఒక్కటే సమస్య అయితే టెంపరేచర్ మెల్లగా, గంటల మీద దిగుతుంది. గాలి అంతే ఉంటుంది. డీపీ, ఆంప్స్ కొంచెం పెరిగి అక్కడే నిలబడతాయి.

చోక్ మొదలైతే డీపీ ఎక్కడా ఆగకుండా ఎక్కుతూ పోతుంది. డ్యాంపర్ కదలకపోయినా గాలి తగ్గుతూ వస్తుంది. అసలు గుర్తు ఇదే. ఆంప్స్ పెరుగుతాయి, రిజెక్ట్ గేటు తెరవగానే బొగ్గు ధారగా కారుతుంది. అప్పుడు ఫీడు 5 టన్నుల చొప్పున దించుకుంటూ పో, గాలి ముట్టుకోకు. డీపీ తిరగబడి దిగడం మొదలైందాకా ఆగు. ఫీడర్ ఒక్కసారిగా ఆపేస్తే లోపలి బొగ్గంతా ఒకేసారి ఫర్నేస్‌లోకి పోయి డ్రాఫ్ట్ ఊగుతుంది.

మూడో రకం ఉంది, అది తిరగేసిన బొమ్మ: ఆంప్స్ పడతాయి, డీపీ పడుతుంది, టెంపరేచర్ లేస్తుంది. అంటే బొగ్గు రావట్లేదు.

సీఅండ్ఐ_లక్ష్మి (శనివారం, ఉదయం 9:30)

ఆ నాలుగు ట్రెండ్లు నిజం చెప్తున్నాయా అనేది కూడా వానాకాలంలో అనుమానించాలి.

ఎయిర్ ఫ్లో ఏరోఫాయిల్ ట్యాపింగులు (డక్టులో గాలి కొలిచే సాధనం నుంచి వచ్చే సన్న గొట్టాలు): డక్టులోని బూడిద దుమ్ముకి చెమ్మ తగిలి ఇంపల్స్ లైను బిగుసుకుంటుంది. రీడింగ్ కదలకుండా నిలబడుతుంది, లేదా డ్యాంపర్ కదిలిన అరనిమిషానికి కదులుతుంది. డ్యాంపర్ రెండు శాతం కదిపి ఫ్లో వెంటనే స్పందిస్తోందో లేదో చూడండి. లేకపోతే ట్రాన్స్‌మిటర్ ఐసొలేట్ చేసి ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్‌తో పర్జ్ చేయాలి. పర్జ్ చేసేముందు లూపు మాన్యువల్‌లో పెట్టడం మరవొద్దు. డీపీ ట్యాపింగ్‌కీ ఇదే వర్తిస్తుంది.

గ్రావిమెట్రిక్ ఫీడరు (బొగ్గుని తూచి మిల్లులో వేసే బెల్టు): తడి బొగ్గు బెల్టుకి అంటుకుని తిరుగు దారిలో కూడా వెళ్తుంటుంది. వెయింగ్ రోలరు మీద పెచ్చు కట్టినా, బెల్టు మీద పెచ్చు కట్టినా ఫీడరు పడని బొగ్గుని పడినట్టు లెక్కేస్తుంది. స్క్రేపర్ బ్లేడు ఆనుతోందా, కింద క్లీన్‌అవుట్ చైన్ తిరుగుతోందా రోజూ చూడాలి. బెల్టు మీద బొగ్గు లేదని చెప్పే ప్యాడిల్ స్విచ్ తడి బొగ్గులో ఇరుక్కుని పైకే ఉండిపోతుంది. బొగ్గు ఆగినా అలారం రాదు. ఈ సీజన్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన లోపం నా దృష్టిలో ఇదే.

బాయిలర్_సేఫ్టీ (శనివారం, ఉదయం 10:10)

లక్ష్మి గారు చెప్పిన చివరి మాట దగ్గరే ఆగాలి. మిల్లు 58 డిగ్రీల్లో ఉంది, చల్లగా ఉంది, మంటలేం వస్తాయిలే అనుకుంటే పొరపాటు. ఎండాకాలంలో హాట్ డ్యాంపర్ 40-50 శాతంలో ఉంటుంది, ఫీడు ఆగినా టెంపరేచర్ మెల్లగా లేస్తుంది. ఇప్పుడు డ్యాంపర్ 100లో ఉంది. బంకర్‌లో బొగ్గు పట్టేసి ఫీడు తెగిందంటే ఆరబెట్టాల్సిన నీరు ఉండదు, 280 డిగ్రీల గాలి మాత్రం పూర్తిగా వస్తుంటుంది. నిమిషం రెండు నిమిషాల్లో 60 నుంచి 95 దాటుతుంది. బౌల్ కింద స్క్రేపర్ల దగ్గర పడి ఉన్న బొగ్గు, క్లాసిఫయర్ (ముతక పొడిని వెనక్కి పంపే భాగం) కోన్‌కి అంటుకుని ఎండిన పెచ్చు, ఈ రెండూ అప్పుడే అంటుకుంటాయి.

అందుకని ఈ సీజన్‌లో ప్రతి మిల్లుకీ హాట్ ఎయిర్ గేటు హై టెంపరేచర్‌కి మూసుకునే ఇంటర్‌లాక్ సర్వీసులో ఉందా, గేటు నిజంగా పూర్తిగా మూసుకుంటోందా అని వారానికోసారైనా చూడాలి. గేటు కిందిభాగంలో బూడిద పేరుకుని అరచేయంత సందు మిగలడం చాలాచోట్ల ఉంది.

అంటుకుందని అనుమానం వస్తే, అంటే హాట్ డ్యాంపర్ మూసి కోల్డ్ తెరిచాక కూడా టెంపరేచర్ లేస్తుంటే, లేదా మిల్లు ఒంటి మీద పెయింటు కమిలితే, లేదా రిజెక్ట్‌లో నిప్పురవ్వలు కనిపిస్తే, ముందు హాట్ ఎయిర్ గేటు మూయాలి, కోల్డ్ డ్యాంపర్ 100 చేయాలి. ఫీడు తగ్గించకూడదు. చాలామంది భయంతో చేసే తప్పు ఇది. ఫీడు తగ్గితే లోపల గాలి ఎక్కువ, పొడి తక్కువ అయి పేలే మిశ్రమం తయారవుతుంది. తడి బొగ్గు పడుతూ ఉంటే అదే నిప్పుని కప్పేస్తుంది. రిజెక్ట్ హాపర్ తెరవకూడదు. దగ్గర్లో ఉన్న మనుషుల్ని పక్కకి పంపాలి.

అయినా దిగకపోతే మిల్లు ట్రిప్ చేసి గాలి దారులన్నీ, ఫీడర్ గేట్లు, కోల్ పైపు గేట్లు మూసి ఇనర్టింగ్ స్టీమ్ (లోపలి ఆక్సిజన్ తగ్గించే ఆవిరి) ఇవ్వాలి. మిల్లు ఒళ్లు పూర్తిగా చల్లబడి, కార్బన్ మోనాక్సైడ్ రీడింగ్ మామూలుకి వచ్చేదాకా ఏ డోరూ తెరవకూడదు. తెరిచాక కూడా నీటిని తుంపరగానే వాడాలి, జెట్‌లా కొడితే పొడి లేచి భగ్గుమంటుంది. సెట్‌పాయింట్లు, వరుస మీ ప్లాంటు ప్రొసీజర్‌లో ఎలా ఉంటే అలాగే.

డెస్క్_ఉదయ్ (శనివారం, మధ్యాహ్నం 1:15)

జి మిల్లు కలిపాం, ఇప్పుడు ఏడు. ఫీడు 51. పీఏ హెడర్ 810 దగ్గర నిలబడింది. అవుట్‌లెట్ 66-67కి వచ్చింది, డి మాత్రం 60. సీహెచ్‌పీ (బొగ్గు సరఫరా విభాగం) వైపు నుంచి ఏం అడగాలి? బంకర్లలో బి, ఇ మాటిమాటికీ పట్టేస్తున్నాయి.

యార్డ్_నైట్‌షిఫ్ట్ (శనివారం, మధ్యాహ్నం 3:00)

సీహెచ్‌పీలో చేసే పని ఒక్కటే: తడి తక్కువున్న బొగ్గుని ఎంచి పైకి పంపడం. దానికి దారులు ఇవి.

యార్డులో పాత కుప్ప, బాగా రోల్ చేసి గట్టిపరిచింది ఉంటే నీళ్లు పైన అడుగున్నర దాకానే దిగుతాయి. డోజరుతో పై పొర పక్కకి నెట్టి లోపలిది తీసుకుంటే తేడా చేతికే తెలుస్తుంది. కొత్తగా పోసిన వదులు కుప్పలో నీరు అడుగుదాకా దిగుతుంది. కుప్ప అడుగు మూడడుగులు మాత్రం తీయొద్దు, నీళ్లన్నీ దిగి నిలిచేది అక్కడే. వానాకాలం ముందే కుప్ప పైభాగం గాడిద వీపులా వాలుగా తీర్చి, చుట్టూ కాలువ తీసి ఉంచాలి.

ఎంజీఆర్ (గనికీ ప్లాంటుకీ మధ్య తిరిగే సొంత రైలు మార్గం) మీద బాబ్‌ఆర్ (అడుగు తెరుచుకునే) వ్యాగన్లలో వచ్చే బొగ్గు గని నుంచి కొద్ది గంటల్లో ట్రాక్ హాపర్‌కి చేరుతుంది. రామగుండంలో సింగరేణి బొగ్గుకి ఆ వీలుంది. తాల్చేరు నుంచి సింహాద్రికి వచ్చే రేకు (గూడ్సు రైలు) అలా కాదు, వందల కిలోమీటర్లు తెరిచిన వ్యాగన్‌లో తడుస్తూ వస్తుంది. అలాంటి రేకుని నేరుగా బంకర్‌కి పంపకుండా స్టాక్ చేసి, యార్డు పొడి బొగ్గుని రిక్లెయిమ్ చేసి పంపడం మేలు. రెండూ కలపాల్సి వస్తే ఒకే బెల్టు మీద పొరలుగా పోయాలి. ఒక గంట తడి, ఒక గంట పొడి అని బంకర్లో పోస్తే మిల్లు దగ్గర అవి కలవవు, విడివిడిగానే దిగుతాయి.

క్రషర్ దగ్గర 20 మి.మీ. సైజు కోసం రింగ్ గ్రాన్యులేటర్ కేజ్ బార్లు బిగించి ఉంటాయి. బంకమట్టి కలిసిన తడి బొగ్గు ఆ సందుల్లో పూతలా పట్టేస్తుంది. షిఫ్టుకి ఒక్కసారైనా ఆపి, పర్మిట్ తీసుకుని, బార్లు గోకాలి. కేజ్ కొంచెం వదులు చేసి 25-30 మి.మీ. పంపడం వానాకాలంలో తప్పు కాదు. మిల్లు ఆ సైజు తట్టుకుంటుంది, చూట్ జామ్ అయితే మాత్రం ఎవరూ తట్టుకోలేరు.

బంకర్ విషయం. తడి బొగ్గు గోడలకు అంటుకుని నడిమధ్య బావిలా గుంట పడుతుంది. లెవెల్ ప్రోబ్ 70 శాతం అంటుంది, ఫీడరుకి దిగేది ఆ గుంటలోంచే. గుంట ఖాళీ అయితే ఫీడు తెగుతుంది. బి, ఇ బంకర్లలో హాపర్ కిందిభాగం లైనరు చూడండి. స్టీలు లైనరు ఊడి మామూలు ప్లేటు తుప్పు పట్టి ఉంటే అక్కడ పట్టుకుంటుంది. ఎయిర్ బ్లాస్టర్లు కింది వరుస నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కొక్కటిగా కాల్చాలి. పై నుంచి మొదలుపెడితే పడిన ముద్ద కింద ఇంకా గట్టిగా కూరుకుంటుంది. ఫీడరు ఆగి ఉన్నప్పుడు బ్లాస్టరు కాల్చొద్దు, అదే కారణం.

తడి బొగ్గుతో బంకరు నింపి మిల్లు స్టాండ్‌బైలో ఉంచొద్దు. రెండు రోజుల్లో రాయిలా బిగుస్తుంది. జి ఇన్నాళ్లు స్టాండ్‌బైలో ఉంది కాబట్టి దాని బంకరు ఇవాళ జాగ్రత్తగా గమనించండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పోకింగ్ చేసేవాళ్లు బంకర్‌లోకి దిగకూడదు, పైన గ్రేటింగ్ తీయకూడదు. గుంట చుట్టూ నిలబడ్డ బొగ్గు గోడ ఒక్కసారిగా కూలుతుంది, మనిషిని తీసేంత వ్యవధి ఉండదు. పోకింగ్ అంతా బయట నుంచే, పోక్ హోల్స్ గుండానే.

పాల్వంచ_పోరడు (శనివారం, సాయంత్రం 5:40)

క్లాసిఫయర్ వేన్లు కొంచెం తెరిస్తే డీపీ దిగుతదని అంటరు. వానలు తగ్గెదాంక అట్ల నడపొచ్చా అన్నా?

హీట్‌బ్యాలెన్స్ (శనివారం, రాత్రి 7:10)

నడపవచ్చు, హద్దు తెలుసుకుని. వేన్లు తెరిస్తే ముతక పొడి తిరిగి బౌల్‌లో పడటం తగ్గుతుంది, మిల్లు లోపల తిరిగే బొగ్గు తగ్గుతుంది, డీపీ దిగుతుంది. కానీ 200 మెష్ (సన్న జల్లెడ) దాటేది 70 శాతం నుంచి 65కి రావచ్చు. దానికన్నా 50 మెష్ (ముతక జల్లెడ) మీద మిగిలేది ఎంతన్నది ముఖ్యం. అది 1 శాతం లోపు ఉంటే బాగున్నట్టు, 2 దాటితే వేన్లు వెనక్కి తిప్పండి. ఆ ముతక గింజలు ఫర్నేస్‌లో పూర్తిగా కాలక బాటమ్ యాష్‌లో నల్లగా కనిపిస్తాయి. శాంపిల్ ఐసోకైనెటిక్ (పైపులోని వేగంతోనే పీల్చే) ప్రోబ్‌తో నాలుగు పైపుల నుంచీ తీయాలి, ఒక్క పైపు శాంపిల్‌తో ఏదీ తేల్చొద్దు.

50 మెష్ మీద ఎక్కువ మిగులుతూ, 200 మెష్ దాటేది మాత్రం సరిగ్గానే ఉంటే అది వేన్ల తప్పు కాదు. క్లాసిఫయర్ కోన్‌కి చిల్లు పడింది, ముతక గింజలు అడ్డదారిన పోతున్నాయి.

వేన్లు తెరవడం కన్నా ఏడో మిల్లు పెట్టడమే నాకు నచ్చుతుంది. ఎలాగూ తేమ 1 శాతం పెరిగితే బాయిలర్ ఎఫిషియెన్సీలో 0.2 శాతం దాకా పోతోంది, దానికి అన్‌బర్న్ట్ కూడా కలుపుకోవడం ఎందుకు?

బాయిలర్_సేఫ్టీ (శనివారం, రాత్రి 8:00)

మంట నిలకడ గురించి ఎవరూ ఎత్తలేదు. అవుట్‌లెట్ 60కి దిగువన ఉన్న మిల్లుల పొడి ఆలస్యంగా అంటుకుంటుంది, మంట బర్నరుకి దూరం జరుగుతుంది. మంటని కనిపెట్టే స్కానర్ ఇంటెన్సిటీ ఊగుతుంది. సర్వీసులో ఉన్న మిల్లులు వరుసగా ఉండేలా చూడండి, మధ్యలో ఒక ఎలివేషన్ (బర్నర్ల వరుస) ఖాళీ వదలొద్దు. ఫర్నేస్ డ్రాఫ్ట్ మామూలు కన్నా ఎక్కువగా కొట్టుకుంటూ రెండు మూలల స్కానర్లు ఒకేసారి పడుతుంటే ఏబీ (ఎ, బి వరుసల మధ్య) ఎలివేషన్‌లో ఆయిల్ గన్లు పెట్టండి. కానీ మంట పూర్తిగా పోతున్న అనుమానం ఉన్నప్పుడు గన్లు పెట్టి నిలబెట్టే ప్రయత్నం చేయకూడదు. అప్పటికే కాలని పొడి ఫర్నేస్‌లో ఉంటుంది. ట్రిప్ చేసి పర్జ్ చేయడమే (గాలితో ఫర్నేస్ ఊడ్చడమే) దారి.

ఇండోనేషియా బొగ్గు కలుపుతున్న ప్లాంట్లకి ఇంకో హెచ్చరిక. దాని వోలటైల్ (వేడికి మండే వాయువుగా వెలువడే భాగం) ఎక్కువ, కాబట్టి 75-80 టార్గెట్ పనికిరాదు. 60-65 దగ్గరే ఉంచాలి. ఈ చర్చలో చెప్పిన అంకెలు దేశీ బొగ్గుకి.

డెస్క్_ఉదయ్ (ఆదివారం, ఉదయం 11:20)

డి కోల్డ్ డ్యాంపర్ చూశాం. కప్లింగ్ కీ జారి ఉంది, డెస్క్ మీద సున్నా ఉన్నప్పుడు బ్లేడు 15 డిగ్రీల దాకా తెరిచి ఉంది. బ్లేడుని చేత్తో మూసి కప్లింగ్ మళ్లీ బిగించాం. ఇన్‌లెట్ 252 నుంచి 277, అవుట్‌లెట్ 66. ఇక మిగిలింది ఎఫ్. ఇన్‌లెట్ టెంపరేచర్ బాగానే ఉంది, ఫీడు 51కి దించినా రిజెక్ట్‌లో బొగ్గు ఆగట్లేదు. డీపీ 370.

పాతచెయ్యి_మిల్స్ (ఆదివారం, మధ్యాహ్నం 12:30)

ఎఫ్‌ది వాన సమస్య కాదు, వాన దాన్ని బయటపెట్టిందంతే. హైక్రోమ్ రోలర్లు 6,700 గంటలు తిరిగాయి. మన బొగ్గులో 40 శాతం బూడిద, అందులో క్వార్ట్జ్. అరుగుదల చివరి దశలో ఉంటుంది. ముందు రిజెక్ట్ ఒక పార నిండా తీసి నేల మీద పరచండి. బరువైన రాయి, మెరిసే పైరైట్ ఎక్కువుంటే మిల్లు తన పని తాను చేస్తోంది. వేలితో నలిపితే విరిగే నల్లటి ముక్కలు, సన్న పొడి ఎక్కువుంటే గాలి ఎత్తలేకపోతోంది లేదా రోలరు నూరలేకపోతోంది. గుప్పెడు ల్యాబుకి పంపి కెలొరిఫిక్ వేల్యూ తీయించండి.

మిల్లు ఆపే అవకాశం వచ్చినప్పుడు, ఫీడు మెల్లగా దించి, హాట్ మూసి, కోల్డ్‌తో 50 డిగ్రీల దాకా చల్లార్చి, బౌల్ ఖాళీ అయ్యేదాకా తిప్పి ఆపండి. లైన్ క్లియర్ (పని చేసే అనుమతి) తీసుకుని లోపల ఈ వరుసలో చూడండి.

మొదట వేన్ వీల్, త్రోట్. సెగ్మెంట్ల అంచులు అరిగితే గాలి దారి వెడల్పవుతుంది, అదే గాలి తక్కువ వేగంతో వెళ్తుంది. మీ రిజెక్ట్‌కి నా మొదటి అనుమానం దీని మీదే. రెండు, రోలరు మీద టెంప్లేట్ పెట్టి అరుగుదల కొలవండి. ఒక చోట లోతుగా కాలువ పడి ఉంటే గ్యాప్ సరిచేసినా లాభం లేదు, రోలర్లు మార్చాలి. అరుగుదల సమంగా ఉంటే రోలరుకీ బుల్ రింగ్‌కీ (బౌల్‌లోని నూరే రింగుకీ) మధ్య గ్యాప్ మాన్యువల్ అంకెకి తెండి. చాలాచోట్ల 3 నుంచి 5 మి.మీ. పెడతారు. రోలరు రింగుని తాకకూడదు, తాకితే ఖాళీ మిల్లు గడగడలాడుతుంది. మూడు జర్నల్స్‌కీ (రోలరు అసెంబ్లీలకీ) గ్యాప్ ఒకటే ఉండాలి.

మూడు, స్ప్రింగ్ కంప్రెషన్. మూడింటికీ సమానంగా లేకపోతే బౌల్ ఒక పక్కకి లాగుతుంది, గేర్‌బాక్స్ థ్రస్ట్ మీద భారం పడుతుంది. నాలుగు, బౌల్ కింద స్క్రేపర్లు. విరిగి ఉంటే రిజెక్ట్ బయటకి రాకుండా కిందే తిరుగుతూ వేడెక్కుతుంది. లోపలికి వెళ్లినప్పుడే క్లాసిఫయర్ కోన్ కూడా టార్చి వేసి చూడండి, చిల్లు ఉంటే వెలుగు అవతలికి కనిపిస్తుంది.

అప్పటిదాకా ఎఫ్‌కి 42-45 టన్నులకు మించి ఇవ్వకండి, మిగతా బొగ్గు ఆరు మిల్లులకు సర్దండి. రిజెక్ట్ హాపరు ఖాళీ చేసే వ్యవధి సగానికి తగ్గించండి. హాపరు నిండి బౌల్ కిందికి వెనక్కి తన్నితే అది 278 డిగ్రీల గాలిలో నానుతూ ఉంటుంది.

సీఅండ్ఐ_లక్ష్మి (ఆదివారం, మధ్యాహ్నం 2:05)

ఎఫ్ ఆపినప్పుడు అవుట్‌లెట్ థర్మోకపుల్స్ కూడా బయటికి తీయించండి. థర్మోవెల్ మీద పొడి పెచ్చు కట్టి ఉంటే ఫీడు తెగినప్పుడు టెంపరేచర్ పెరుగుదల ఆలస్యంగా కనిపిస్తుంది, హాట్ గేటు ఇంటర్‌లాక్ కూడా అంతే ఆలస్యంగా పనిచేస్తుంది. రెండు థర్మోకపుల్స్ మధ్య 5 డిగ్రీల కన్నా తేడా ఉంటే ఆగకుండా ఇవాళే చూడండి. డి డ్యాంపర్ కప్లింగ్ బిగించారు కదా, పొజిషన్ ట్రాన్స్‌మిటర్ సున్నా, వంద మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. షాఫ్ట్ చివర బ్లేడు దిశ చూపేలా రంపంతో చిన్న గాడి కోసి పెయింటు వేయించండి. తర్వాత షిఫ్టు వాళ్లు లోకల్‌లో ఒక్క చూపుతో పోల్చుకోగలుగుతారు.

డెస్క్_ఉదయ్ (ఆదివారం, సాయంత్రం 4:30)

ఎఫ్ ఫీడు 44కి దించాం, రిజెక్ట్ షిఫ్టుకి రెండుసార్లు కాకుండా నాలుగుసార్లు తీస్తున్నాం. హెచ్ మిల్లు మంగళవారం మెయింటెనెన్స్ నుంచి వస్తుంది, అది కలిపాక ఎఫ్‌కి లైన్ క్లియర్ ఇస్తాం. త్రోట్ సెగ్మెంట్లు, ఒక సెట్ రోలర్లు స్టోర్స్‌లో ఉన్నాయని తేలింది. లోపల కొలిచిన అంకెలు ఇక్కడే పెడతాను.